తలకిందులుగా పడ్డ ముద్ర

ఫిబ్రవరి 4, 1984
కొండ మీది వేడినీళ్ళ సత్రం

ప్యాకింగ్ ఇన్‌ఛార్జి నగుమో హత్సుఎ గారికి,

ఇక్కడ మంచు కిటికీ సగం దాకా ఉంది. అక్కడా అంతే ఉంటుంది కాబట్టి వాతావరణం గురించి ఇంతకన్నా రాయను.

ఈ కోడిగీతలు నావే. పోయిన నెల ఫ్యాక్టరీ గేటు ముందు జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను కదా, మీరే మొదట పరుగెత్తుకొచ్చారు. కట్టు విప్పేదాకా ఇక్కడ వేడినీళ్ళలో నానమన్నాడు డాక్టరు. ఎడమ చేత్తో రాస్తున్నాను. అర్థం కాకపోతే రెండోసారి చదవండి. ఫోను చేస్తే మీరు 'చిత్తం' తప్ప ఇంకో ముక్క అనరు, అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతికి వస్తాను. మన కొత్త అన్నం డబ్బా 'చుక్కకారదు' ఆమోదం కాగితం అందరి దగ్గరా తిరిగి నిన్న నా దగ్గరికి వచ్చింది. ఆ మూత నా సొంత ఆలోచన. నాలుగు వైపులా నాలుగు క్లిప్పులు, లోపల చుట్టూ రబ్బరు రింగు. బోర్లించి ఊపినా పులుసు చుక్క బయటికి రాదు. నా ముద్ర పడగానే మార్చి ఒకటిన అచ్చులు పోతకు వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఆపడం నా వల్ల కూడా కాదు.

కాగితం మీద ఎనిమిది ముద్రలున్నాయి. వాటిలో ఏడు, మన ఆఫీసు మర్యాద ప్రకారం, ఎడమ చివరనున్న నా గడి వైపు తలలు వంచి దణ్ణం పెడుతున్నాయి. డిజైన్ చూసే ఇగరాషి గారి ముద్రయితే వంగడం దాటి పడుకుంది. ఎనిమిదోది, కుడి చివరిది, మీది. అది తలకిందులుగా ఉంది.

తలకిందుల ముద్రకు అర్థమేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. 'కాగితం చూశాను, పైకి పంపుతున్నాను, నా మనసు మాత్రం ఒప్పుకోలేదు.' ఇరవై మూడేళ్ళుగా ఈ కంపెనీకి ప్రెసిడెంటుని. అలాంటి ముద్ర చూడటం ఇదే మొదలు. ఏమిటండీ మీ అభ్యంతరం?

జవాబు కోసం ఎదురుచూస్తూ,
కుసకబె తమేజిరో

తా.క.: మీ తర్వాత ముద్రలు వేసిన ఏడుగురినీ ఫోనులో అడిగాను. ఆరుగురు మీ ముద్రను గమనించలేదట. ఇగరాషి గారు మాత్రం గమనించారట గానీ, కాగితమే తలకిందులుగా వచ్చిందనుకున్నారట.


ఫిబ్రవరి 7

పూజ్యులైన ప్రెసిడెంటు గారికి,

నగుమో హత్సుఎ వంగి నమస్కరించి రాస్తున్నది. ఉమె పూలు విచ్చుకోవాల్సిన రోజులివి. మా వీధి చెట్టుకు మొగ్గ కూడా లేదు. మీ చెయ్యి ఎలా ఉందోనని ప్యాకింగ్ గదిలో రోజూ అనుకుంటున్నాం.

మీ ఉత్తరం మీరు చెప్పినట్టే రెండోసారి చదివాను. అభ్యంతరమా, నాకా? ఆ రోజు నా కళ్ళద్దాల కాడ విరిగింది. టేపు చుట్టి పెట్టుకుంటే ఒక అద్దం ఆకాశం వైపు, ఇంకొకటి నేల వైపు చూశాయి. ఆ గందరగోళంలో ముద్ర తిరగబడింది. అంతకుమించి ఏమీ లేదండి. 'చుక్కకారదు' మూత ఎంత గట్టి మూతో చెప్పడానికి మా గదిలో ఎవరికీ మాటలు చాలడం లేదు.

డిసెంబరులోనే కదా మీరు నన్ను ఇన్‌ఛార్జిని చేసి ఆ మీటింగు బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళు కూర్చోవడం అదే మొదటిసారని అందరూ నాకు రోజూ గుర్తు చేస్తూనే ఉన్నారు. కూర్చున్న రెండో నెలలోనే ఇలాంటి పొరపాటు చేశాను. దయచేసి కాగితం వెనక్కి పంపించండి. నిటారుగా వేస్తాను. వాలి ఉండాలంటే ఎంత వాలాలో ఇగరాషి గారిని కనుక్కుని అంతే వాల్చి వేస్తాను.

ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు ఒక పెట్టె పంపుతున్నాను. మా పెరటివే.

సిగ్గుతో, క్షమాపణలతో,
నగుమో హత్సుఎ

తా.క.: పెట్టె తాడుకు ఒక్కటే ముడి వేశాను. కొస పట్టుకుని లాగితే ఒంటి చేత్తో వచ్చేస్తుంది.

ఇంకో తా.క.: పోయిన నెల మీరు ఇంటింటికీ ఇప్పించిన నమూనా డబ్బాను మా అత్తగారు ఎంతో విలువగా చూసుకుంటున్నారు. ముల్లంగి ఊరగాయ జాడీ మీద బరువుకి పెట్టారు.


ఫిబ్రవరి 10

నగుమో గారికి,

మంచు ఇప్పుడు కిటికీ ముప్పాతిక దాకా వచ్చింది. పళ్ళు బాగున్నాయి. ముడి ఒక్క లాగుకే వచ్చింది. పక్క గది పెద్దమనిషికి కూడా లాగి చూపించాను.

ఇక మీ కళ్ళద్దాల విషయం. ముద్రల గురించి నాకు పాఠాలు చెప్పకండి. మీరు వాడేది ఆఫీసు ఇచ్చిన ముద్ర. దాని కర్ర పక్కన చిన్న గాడి ఉంటుంది, చూపుడువేలు ఆ గాడిలో ఆనిందంటే తల పైకి ఉన్నట్టే. కళ్ళు మూసుకుని వేసినా నిటారుగా పడాలనే కదా ఆ గాడి పెట్టింది. మీ కళ్ళద్దాలు విరిగితే విరిగాయి, వేలు కూడా విరిగిందా?

విరిగిన చేతి వాడికి తాడు ఎలా కట్టాలో ఆలోచించిన మనిషి, డబ్బా మూత గురించి ఏమీ ఆలోచించలేదంటే నేను నమ్మను. కాగితం నా బల్ల మీదే ఉంది. మీరు చెప్పేదాకా నా ముద్ర పడదు.

పట్టు వదలని,
కుసకబె తమేజిరో

తా.క.: ఆ డబ్బా బరువు నూట తొంభై గ్రాములు. చేసిన వాణ్ణి నాకు తెలియదా? నూట తొంభై గ్రాములతో ముల్లంగి ఎలా ఊరుతుందండీ?


ఫిబ్రవరి 14

పూజ్యులైన ప్రెసిడెంటు గారికి,

వంగి నమస్కారాలు. చలి ఇంకా తగ్గలేదు, నా భయం కూడా తగ్గలేదు.

మీరు అంతగా అడుగుతుంటే చెప్పకపోవడం అమర్యాద. చెప్పడం అంతకన్నా అమర్యాద. మూడు రోజులు ఆలోచించి ఒకటి పట్టుకున్నాను. మూత రంగు. ముదురాకుపచ్చ కాకుండా పెర్సిమన్ పండులా నారింజ రంగయితే కాస్త కంటికి ఇంపుగా ఉంటుందేమో. నా అభ్యంతరం అంతే. ఇప్పుడు దయచేసి ముద్ర వేసేయండి.

ఎందుకంటే ఆఫీసు మీరు వదిలి వెళ్ళినట్టు లేదు. నా తలకిందుల ముద్ర చూసి మీరు కాగితం ఆపేశారని అందరికీ తెలిసిపోయింది. ప్రెసిడెంటు గారికి ఇప్పుడు తలకిందుల ముద్రలంటేనే ఇష్టమట అని పుకారు పుట్టించారు. పోయిన శుక్రవారం క్యాంటీనుకు ముల్లంగి కొనే కాగితం తిరిగి వచ్చింది. ఎనిమిదికి ఏడు ముద్రలు తలకిందులు. నేనొక్కదాన్నే భయంతో నిటారుగా వేశాను. ముల్లంగి మీద ఏడుగురు పెద్దలకు అభ్యంతరం ఉందని క్యాంటీను ఆవిడ కొనడం మానేసింది. నాలుగు రోజులుగా అందరం ఉత్త అన్నం తింటున్నాం.

నిన్న సేల్స్ చూసే మిజొగుచి గారు నా బల్ల దగ్గరికి వచ్చి, 'నగుమో గారూ, మీ అభ్యంతరమే నా అభ్యంతరం కూడా' అన్నారు. అదేమిటో నేను ఇంకా ఎవరికీ చెప్పలేదండి అన్నాను. 'పరవాలేదు, తీరిగ్గా చెప్పండి' అని వెళ్ళిపోయారు.

తల ఎత్తుకోలేక,
నగుమో హత్సుఎ

తా.క.: జాడీ మీది డబ్బా ఖాళీది కాదండి. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.


ఫిబ్రవరి 17

నగుమో గారికి,

మంచు కిటికీ మొత్తం మూసేసింది. ఇక చూడ్డానికి ఏమీ లేదు, మీ ఉత్తరాలు తప్ప.

రంగు ఒక అభ్యంతరమా? అయినా అడిగింది నేనే కాబట్టి ఇగరాషి గారికి ఫోను చేసి, పెర్సిమన్ రంగు ఎలా ఉంటుందని మాత్రమే అడిగాను. గంటలో పది మూతలకు రంగు వేయించి, ఆ రంగు మొదటినుంచీ తన మనసులో ఉన్నదేనని చెప్పారు.

నాకు కోపం కన్నా దిగులుగా ఉందండి. ఏడుగురూ తల వంచితే దణ్ణం, ఏడుగురూ తలకిందులైతే అదీ దణ్ణమే. ఇన్నేళ్ళూ ఆ బల్ల చుట్టూ ఇంతమందితో కూర్చుని నిర్ణయాలు తీసుకుంటున్నాననుకున్నాను. గడప బయట ఎనిమిది జతల చెప్పులున్నాయి గానీ, లోపల కూర్చున్నది ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. ఈ వయసులో అది తెలిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

కాబట్టి మొహమాటం కట్టిపెట్టండి. ఆ డబ్బాలో ఏముంది, మీ మనసులో ఏముంది, రెండూ నాకు కావాలి. మూడు రోజుల్లో వినిపించండి. లేదంటే కళ్ళు మూసుకుని ముద్ర వేసి పంపేస్తాను, తర్వాత అందరం కలిసి అనుభవిద్దాం.

కుసకబె తమేజిరో

తా.క.: ఎడమ చెయ్యి నొప్పెడుతోంది. చివరి నాలుగు వరుసలు నాకే సరిగా కనిపించడం లేదు. మీరు తంటాలు పడండి.

ఇంకో తా.క.: క్యాంటీనుకు ముల్లంగి కొనమని నా నోటిమాటగా చెప్పండి. కాగితం తిప్పవద్దు.


ఫిబ్రవరి 20

ప్రెసిడెంటు గారికి,

మీ ఆజ్ఞ అందింది. 'మూడు రోజుల్లో విరమించండి' అన్నారు. ఆరుసార్లు చదివాను. నా కళ్ళను నమ్మలేక గేటు కాపలా చూసే గెంసకు తాతకు చూపించాను, 'విరమించండి' అనే ఉందన్నాడు. పోస్టుమాన్‌కు చూపించాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా లోకంలోని చెత్త దస్తూరీలన్నీ చదివిన మనిషి. ఆయనా అదే అన్నాడు, టోపీ తీసి మరీ అన్నాడు.

తెల్ల కవరులో నా రాజీనామా పెడుతున్నాను. పందొమ్మిదేళ్ళు అన్నం పెట్టిన కంపెనీ. నాకు ఏడుపొచ్చింది, దాచను. కానీ ఏడ్చాక ఒక చిత్రం జరిగింది. పోయేదాన్ని కదా, ఇంక భయమెందుకు అనిపించింది. అందుకని చెబుతున్నాను.

ఆ మూత రాదండి.

ఇగరాషి గారు చాలా శ్రద్ధగా పరీక్షించారు, నేను చూశాను. నీళ్ళు పోసి రెండు వందలసార్లు ఊపారు. చుక్క కారలేదు. కానీ ఆయన పోసింది చన్నీళ్ళు. మేం పెట్టేది వేడన్నం. ఆరాక మూత పెట్టాలని వంట పుస్తకాల్లో రాస్తారు. పొద్దున ఆరింటికి నలుగురికి డబ్బాలు కట్టే మనిషికి, ఆరేదాకా విసురుతూ కూర్చునే తీరికెక్కడుంటుంది? కూరేసి, మూత నొక్కి, క్లిప్పులు బిగిస్తాం. మధ్యాహ్నానికి లోపలి ఆవిరి చల్లబడి మూతను లోపలికి పీల్చేసుకుంటుంది. నాలుగు క్లిప్పులూ ఊడదీసినా మూత కదలదు. మా ప్యాకింగ్ గదిలో పద్నాలుగు మందిమి నమూనా ఇంటికి తీసుకెళ్ళాం. తొమ్మిది మందికి రాలేదు. ఒకావిడ భర్త రైల్వే ప్లాట్‌ఫారం అంచుకేసి కొడుతుంటే స్టేషన్‌మాస్టరు వచ్చి, ఏం పేలుతుందోనని జనాన్ని దూరం జరిపాడట. మా అత్తగారి డబ్బాలో జనవరి ఇరవై నాటి అన్నం, ఉప్పులో ఊరేసిన ఒక పుల్లటి ఉమె పండు ఉన్నాయి. అందుకే ముల్లంగి అంత బాగా ఊరింది.

బల్ల దగ్గర ఎవరూ దీన్ని పట్టుకోలేదని నేను వాళ్ళను తప్పుపట్టను. ఆ ఏడుగురికీ డబ్బా కట్టిచ్చేది ఇంకెవరో. వాళ్ళకు మధ్యాహ్నం తెలుసు, పొద్దున తెలియదు. నాకూ తెలియనివి ఉన్నాయి. నడిచి వచ్చేదాన్ని కాబట్టి, కిక్కిరిసిన రైల్లో పులుసు కారి పక్కవాడి కోటు మీద పడితే ఎలా ఉంటుందో మిజొగుచి గారు చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆయనకు తెలిసింది ఆయన చెప్పారు, నాకు తెలిసింది నేను దాచుకున్నాను. తప్పు నాది.

ఇక ఆ ముద్ర. ఆ రోజు దాన్ని పట్టుకుని టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. నిటారుగా వేస్తే అబద్ధం. వేయకపోతే ఆడమనిషిని కూర్చోబెడితే ఇంతే, పని ఆగిపోతుంది అంటారు, నా తర్వాత ఆ కుర్చీలో ఇంకో ఆడది కూర్చోదు. వేలు గాడిలో పెట్టి, కావాలనే తల కిందికి తిప్పి వేశాను. ఎవరి కంటా పడకూడదని, ఎవరో ఒకరి కంట పడాలని.

వెళ్ళేముందు ఒక్క మాట. గెంసకు తాతకు ఈ మూత కథ చెబితే, 'మధ్యలో చిన్న బెజ్జం పెట్టి రబ్బరు బిరడా బిగించండమ్మా, సైకిలు ట్యూబులో గాలి తీసినట్టు బిరడా తీస్తే అదే వస్తుంది' అన్నాడు. ఆయనను ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదట. అచ్చులు పోయకముందే ఒకసారి ఆలోచించండి.

సెలవు తీసుకుంటూ,
నగుమో హత్సుఎ

తా.క.: బిగుసుకున్న మూతను వేడినీళ్ళలో కాసేపు ఉంచితే వస్తుంది. పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ఇంకో తా.క.: నా కళ్ళద్దాలు ఎప్పుడూ విరగలేదు.


ఫిబ్రవరి 23

నగుమో హత్సుఎ గారికి,

కిటికీ పై మూల కాస్త మంచు కరిగింది. ఆకాశం నాలుగు వేళ్ళంత కనిపిస్తోంది.

నేను రాసింది 'వినిపించండి' అని. మీ మనసులో మాట వినిపించండి అని. ఆ పోస్టుమాన్‌ను ఒకసారి నా దగ్గరికి పంపండి, టోపీతో సహా.

మీరు చెప్పారు కాబట్టి నేనూ చెప్పాలి. ఇక్కడికి వచ్చేటప్పుడు నమూనా డబ్బా ఒకటి నాతో తెచ్చుకున్నాను. గొప్ప చూపించుకోవాలని, వచ్చిన మర్నాడే సత్రం వంటావిడతో పొగలు కక్కే అన్నం పెట్టించి మూత బిగించాను. మధ్యాహ్నం భోజనాల గదిలో అందరి ముందూ కూర్చుని మూత తీయబోయాను. రాలేదు. మోకాళ్ళ మధ్య పెట్టి లాగాను, పంటితో కూడా లాగాను. చివరికి ఆకలిగా లేదని చెప్పి గదికి వచ్చేశాను. అప్పటినుంచి అది నా కిటికీ గట్టు మీదే ఉంది.

మూత తప్పని నాకు తట్టలేదండి. చెయ్యి తప్పనుకున్నాను. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇక నీ పని అయిపోయింది అనుకున్నాను. నేను చేసిన డబ్బాను నేనే తెరవలేకపోయానని ఎవరికి చెప్పుకోను? మా ఆవిడ ఉండి ఉంటే, 'మూత పాడుగాను, ఇదేం మూత' అని ఆ రోజే అనేది. నాకు 'కాదు' అని చెప్పే ఆ ఒక్క మనిషీ పోయి మూడేళ్ళయింది. ఆఫీసులో అందరూ అవును అంటూ ఉంటే, ఆ లోటు ఏమిటో ఇన్నాళ్ళూ నాకు అర్థం కాలేదు.

అప్పుడు మీ ముద్ర వచ్చింది. మీరేదో సాహసం చేశారని మెచ్చుకుని రాశాననుకోకండి. ఎవరైనా ఒక్కరు 'మూత రాదు' అంటే చాలు, తప్పు నా చేతిది కాదని తెలుస్తుందని ఆశ. మూడు ఉత్తరాలు రాసి నేను అడుక్కున్నది అదే.

మీ ఉత్తరం చదివిన వెంటనే డబ్బా చంకన పెట్టుకుని వేడినీళ్ళ కొలనుకు వెళ్ళాను. అందరూ తువ్వాలుతో వస్తే నేను డబ్బాతో దిగాను. పీకల దాకా మునిగి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి 'టప్' అని మూత వచ్చేసింది. ఎంత సంతోషించానో చెప్పలేను. నెలనాటి అన్నం కదా, మిగతావాళ్ళు అంత సంతోషించలేదు. ఇప్పుడు కొలను మొత్తం నాకొక్కడికే. సత్రం యజమాని బిల్లు తయారు చేస్తున్నట్టున్నాడు.

పాత కాగితం చింపేశాను. అచ్చులు ఆగాయి. కొత్త కాగితం గెంసకు తాత బిరడాతో మొదలవుతుంది. ముందు మీ పద్నాలుగు మంది చూస్తారు, తర్వాత గేటు, ఆ తర్వాత ఆఫీసు, అందరికన్నా చివర నేను. ముద్ర వేసే ప్రతివాడూ అంతకుముందు వారం రోజులు పొద్దున ఆరింటికి లేచి తన డబ్బా తనే కట్టుకోవాలని చెప్పాను. ఇగరాషి గారు ఫోనులో వెంటనే 'చిత్తం' అన్నారు. తర్వాత, 'బియ్యంలో నీళ్ళు ఎంత పోస్తారండీ' అని అడిగారు. నాకూ తెలియదు. మీరే చెప్పాలి.

ఇంకో సంగతి. అందరికీ కొత్త ముద్రలు చేయిస్తున్నాను, పక్కన గాడి లేకుండా. తల ఎటుందో ప్రతిసారీ తిప్పి చూసుకోవాలి. ఆ కాస్త ఆగడంలో ఒక్కరికైనా ఏదైనా తోస్తే మంచిదే.

మీకు రుణపడిన,
కుసకబె తమేజిరో

తా.క.: నిన్న కట్టు విప్పారు. ఈ ఉత్తరం కుడి చేత్తో రాశాను కాబట్టి, ఇందులో ఏ మాటనైనా 'విరమించండి' అని చదివితే తప్పు మీదే.

ఇంకో తా.క.: మీ రాజీనామా కాగితం ఇందులోనే తిప్పి పంపుతున్నాను. దాని మీద నా ముద్ర ఉంది. కుడి చేత్తో వేసిన మొదటి ముద్ర అదే. తలకిందులుగా ఉంటుంది, అర్థం మీకు తెలుసు. బాగా చూస్తే మీ ముద్ర వైపు కాస్త వంగి కూడా ఉంటుంది. అది చెయ్యి బాగాలేక కాదు.